ఇటుకల పండగనాడు మా ఫోర్‌వీలు బండి

ఒక ఆడమనిషి ఉద్యోగాన్నీ, రెండేళ్ళుగా కూడబెట్టుకున్న నా పరువునీ, ఒక కారునీ కలిపి ఒకే గెడ్డలో దించిన ఘనత ఈ ఏజెన్సీలో నాకొక్కడికే ఉంది. అదేమన్నా గోదావరా అంటే కాదు. మోకాలి లోతు నీళ్ళు కూడా లేని గెడ్డ, అంటే చిన్న వాగు. ఈ సంగతి చెబితే మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. మా ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఒక్కతే నవ్వుతోంది, ఆవిడకీ కాస్త సాయం కావాలి.

అప్పటికి నాకు ముప్ఫై ఒకటో ఏడు. మాది బొబ్బిలి పక్క పల్లె. అరకులోయలో కాఫీ మొక్కలు పంచే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. నూకరత్నాన్ని పెళ్ళి చేసుకుని, ఒక పిల్లని కని, బుద్ధిగా స్కూటరు మీద తిరుగుతున్నవాణ్ణి. అలాంటి నాకు విశాఖపట్నంలో రోడ్లు వేసే కాంట్రాక్టరు ఒకాయన, తను వాడి వాడి వదిలేసిన కారు అంటగట్టాడు. ముదురాకుపచ్చ రంగు, ఎనిమిదిమంది పట్టే కడుపు, తలుపు వేస్తే ఇనపబీరువా మూసినట్టు చప్పుడు. వెనక తలుపు లోపలినుంచి తెరుచుకోదు. నా పక్కన అద్దం దిగితే మళ్ళీ ఎక్కదు. వాన కురిస్తే సరిగ్గా నా ఎడమ మోకాలి మీదే కారుతుంది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడని సామెత ఉంది కదా, నా విషయంలో ఆ గొడుగు నిజంగానే అవసరపడింది, ఎందుకంటే వాన కారులోపలే పడేది.

అయినా నేను కొన్నది ఎందుకంటే, ఆ కాంట్రాక్టరు ఒక్క మాట అన్నాడు. "ఇది ఫోర్‌వీల్ డ్రైవు, గురూ. కొండకి నిచ్చెనేసినట్టు ఎక్కుద్ది."

ఇంటికొచ్చి రత్నానికి ఆ మాటే చెప్పాను.

"ఫోర్‌వీలంటే ఏటండీ?"

"నాలుగు చక్రాలు."

"మిగతా కార్లకి ఎన్నుంటాయి?"

"ఉండటం వేరు, లాగటం వేరు రత్నం. మామూలు బండికి వెనక రెండే లాగుతాయి. ముందువి ఊరికే దొర్లుతాయి. దీనికి నాలుగూ లాగుతాయి."

"అయితే మీ ఆఫీసులాగ కాదన్నమాట," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నాలుగు చక్రాల మహిమంతా పెద్ద గేరుకర్ర పక్కనున్న చిన్న గేరుకర్రలో ఉంది. దాన్ని లాగితే కిందెక్కడో 'కడాక్' అని చప్పుడయ్యేది. ఇంజను ఏనుగులా ఘీంకరించేది. బండి మాత్రం ముసలెద్దులా నడిచేది. ఆ గోలా ఆ నెమ్మదీ చూసి నాలుగు చక్రాలూ లాగుతున్నాయని నేను మురిసిపోయేవాణ్ణి. శుక్రవారం సంతలో కూరగాయల బస్తాలు దింపే చోట చిన్న మెరక ఒకటి ఉండేది. చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మలు కూడా ఆగకుండా ఎక్కేసేవారు. నేను మాత్రం అక్కడ ఆగి, జనం చూస్తున్నారని ఖాయం చేసుకుని, చిన్న గేరు లాగి, ఘీంకరించుకుంటూ ఎక్కేవాణ్ణి. ఎక్కాక ఎవరో ఒకరికి ఫోర్‌వీల్ మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కారువాడు మెరకా పల్లమూ కూడా ఎరగడు.

నిజం చెప్పాలంటే ఆ బండితో కాపురం బాగానే ఉండేది. అది కారని కాదు, మా వీధి మొత్తానికి ఉమ్మడి బండి. పెళ్ళిళ్ళకి గంగాళాలు మోసింది. అనంతగిరి నుంచి పనసకాయలు మోసింది. ఒకసారి మా ఎదురింటివాళ్ళ మేకని మోస్తే, అది వెనకసీటు కుట్లు విప్పుకుని తినేసింది. డీజిలు మాత్రం మేక కన్నా ఎక్కువ తాగేది. ఈ రెండేళ్ళలో దాని ఫోర్‌వీలు ఎక్కడా నిజంగా అవసరం రాలేదు. తారురోడ్డు దిగితే కదా! సంతలో మెరకే దాని హిమాలయం.

ఇక అసలు కథ.

రత్నం బి.ఇడి. చదివింది. చంటిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కిరసనాయిలు స్టవ్ ముందు పుస్తకం తెరిచి, మూడుసార్లు టీచరు పరీక్ష రాసింది. రెండుసార్లు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మూడోసారి జాబితాలో పేరొచ్చింది. ఆ రోజు ఆవిడ ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను గాని, ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పుకున్నాను. పాడేరులో కౌన్సెలింగ్ అని కాగితం వచ్చింది. పదకొండింటికి మొదలు. పేరు పిలిచినప్పుడు మనిషి ఎదుట ఉంటే ఖాళీ ఉన్న స్కూళ్ళలో తనకి కావలసింది ఎంచుకోవచ్చు. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో కిందనున్నవాళ్ళకి పోతుంది. మళ్ళీ పరీక్ష, మళ్ళీ స్టవ్, మళ్ళీ ఉల్లిపాయలు.

"పొద్దున్నే సర్వీసు జీపులో పోదామండీ," అంది రత్నం.

"ఇంట్లో ఫోర్‌వీల్ పెట్టుకుని సర్వీసు జీపులో వేలాడతామా? పరువు ఉండొద్దూ?" అన్నాను.

పిల్లని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, ఏడున్నరకి బయల్దేరాం. మూడు గంటల దారి. చైత్రమాసం. ఏజెన్సీ అంతా ఇటుకల పండగలో ఉంది. మీలో మైదానంవాళ్ళు ఉంటారు కనక చెబుతున్నాను. ఈ పండగ రోజుల్లో మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఊళ్ళో రాజ్యం ఆడవాళ్ళది. వాళ్ళు రోడ్డుకి అడ్డంగా ఒక కర్ర కడతారు. అదే గేటు. వచ్చిన ప్రతి బండీ ఆగాలి, పండక్కి ఏదో ఒకటి ఇవ్వాలి, వాళ్ళు పాడుతుంటే దిగి రెండడుగులు వాళ్ళతో కలిసి ఆడాలి. కలెక్టరైనా కండక్టరైనా ఒకటే లెక్క.

మొదటి గేటు దగ్గర రత్నం చప్పున దిగింది. వాళ్ళ నడుం పట్టుకుని వరసలో నాలుగడుగులు వేసి, చిల్లర చేతిలో పెట్టి, నవ్వుకుంటూ వచ్చి కూచుంది. నేను స్టీరింగు వదల్లేదు. రెండో గేటు దగ్గరా అంతే. అక్కడొకావిడ మాత్రం అద్దంలోంచి తొంగిచూసి, "ఈ బాబుకి కాళ్ళు నేవేటి? పైగేటుకాడ నిన్ను ఒగ్గరు సూడు," అంది, ఆడించకుండా వదలరని.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. నేను గవర్నమెంటు గుమాస్తాని. నలుగురిలో చిందెయ్యడమంటే నాకు చిన్నప్పటినుంచీ చచ్చే సిగ్గు. నా పెళ్ళి ఊరేగింపులో కూడా తప్పెటగుళ్ళవాళ్ళని చూసి కారులో తల వంచుకున్న మనిషిని.

హుకుంపేట ఇంకా రాకముందే మూడో గేటు కనబడింది. కర్ర కాదు, దుంగ. దాని వెనక నలభైమంది ఆడవాళ్ళు. టైము తొమ్మిదింపావు. నేను దూరంగానే బండి ఆపేశాను. ఎడమపక్క ఎడ్లబండ్ల దారి ఒకటి కిందికి దిగి, గెడ్డ దాటి, పొలాల వెంట పోయి, అవతల మళ్ళీ రోడ్డులో కలుస్తోంది.

"ఇలా పోదాం," అన్నాను.

"అలా ఎందుకండీ? గేటు దగ్గర అయిదు నిమిషాలు కూడా పట్టదు."

"ఎడ్లబండి పోయిన దారిలో ఫోర్‌వీల్ పోదా?"

"ఎడ్లు నాలుగు కాళ్ళతో పోతాయండీ. దిగబడితే వాటికి తెలుస్తుంది. రోడ్డుమీదే పదండి, మీకు దణ్ణం పెడతాను."

"రెండేళ్ళయింది, నా బండి మీద నీకు నమ్మకం లేదు."

"బండి మీద ఉందండీ," అంది రత్నం.

అర్థం చేసుకునే తెలివి నాకా రోజు లేదు. చిన్న గేరు లాగాను. కడాక్. ఘీంకారం. దారి దిగాం. మొదటి నూరు గజాలు రాజమార్గంలా ఉంది. "చూశావా?" అన్నాను. రత్నం సర్టిఫికెట్ల ఫైలు గుండెలకి హత్తుకుంది. గెడ్డలో నీళ్ళు గలగలా పారుతున్నాయి, కింద గులకరాళ్ళు తెల్లగా కనబడుతున్నాయి. గులకరాళ్ళు ఉన్నంతసేపు బాగానే వెళ్ళాం. అవతలి ఒడ్డున ముందు చక్రాలు గట్టు ఎక్కబోతుండగా, వెనక చక్రాలు బురదలోకి వచ్చాయి. మొన్న పడిన వానకి మెత్తబడిన నల్లటి బురద. బండి ఆగింది. యాక్సిలరేటరు తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి కుంకుడు నురగలాంటి బురద చిమ్మాయి. ఇంకా తొక్కాను. బండి ముందుకి పోవడానికి బదులు కిందికి పోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దలు కార్లు రాకముందే పోయారు, లేకపోతే నా పేరు పెట్టి చెప్పేవారు.

ఈ గోలకి గేటు దగ్గర పాట ఆగిపోయింది. కాసేపటికి ఇద్దరు ముసలమ్మలని గేటు దగ్గర వదిలి అందరూ గట్టుమీదికి వచ్చి వరసగా నిలబడ్డారు. ముందున్నావిడ పేరు సుక్రమ్మ అని తరవాత తెలిసింది. అరవై ఏళ్ళుంటాయి, చెవి నిండా రింగులు, నోట్లో చుట్ట.

"ఏటి బాబూ, గేటుకి జడిసి గెడ్డలో దూరినావా?" అంది.

"జడవడమేమిటి? దగ్గర దారని వచ్చాం. ఇది ఫోర్‌వీలు. ఇప్పుడు వచ్చేస్తుంది చూడు," అన్నాను.

"మరి రానీ. సూత్తాం."

తొక్కాను. బండి ఇంకో జానెడు దిగింది. గట్టుమీద నవ్వు పుట్టి, నవ్వులోంచి పాట పుట్టింది. అందరూ నడుములు పట్టుకుని వరస కట్టారు.

"నాలుగు సెక్రాల బాబొచ్చాడే, నడిగెడ్డలో కాపరమెట్టాడే!"

ఏ ఆటకి జడిసి గేటు తప్పించుకుని వచ్చానో ఆ ఆట నా కళ్ళముందే, నా పేరుమీదే నడుస్తోంది. నేను బండి దిగి వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టాను. రాళ్ళు మాయమయ్యాయి. కొమ్మలు పెట్టాను. కొమ్మలు మాయమయ్యాయి. చివరికి రబ్బరు మ్యాట్లు పెడితే, ఒకటి ఎగిరొచ్చి నా పొట్టమీద తగిలింది. టైము తొమ్మిది నలభై.

అప్పుడు రోడ్డుమీద హారను వినబడింది. సర్వీసు జీపు. లోపల పదిహేనుమంది, టాపు మీద ఎనిమిదిమంది, వెనక వేలాడుతూ నలుగురు. గేటు దగ్గర మిగిలిన ఇద్దరు ముసలమ్మల చేతిలో డ్రైవరు ఏదో పెట్టాడు. టాపు మీదవాళ్ళు దూకి రెండు చిందులేశారు. దుంగ లేచింది. నేను నిమిషాలు లెక్కపెట్టలేదు గాని, పెట్టి ఉంటే ఒక చేతి వేళ్ళు మిగిలిపోయేవి.

రత్నం ఆ జీపుని చూసింది. నన్ను చూసింది. నా జీవితంలో ఆ చూపుకన్నా పొడుగైన ఉత్తరం నేను చదవలేదు. చెప్పులు విప్పి చేత పట్టుకుంది. ఫైలు నెత్తిమీద పెట్టుకుంది. గెడ్డలోకి దిగింది.

"రత్నం! ఎక్కడికి?"

"పాడేరుకండీ. టీచరు ఉద్యోగం నాకోసం ఆగదు."

"ఇంకో పది నిమిషాల్లో తీసేస్తాను."

"మీరు మీ నాలుగు చక్రాలతో నిదానంగా రండి. నేను రెండు కాళ్ళతో బేగి పోతాను."

సుక్రమ్మ గట్టుమీదనుంచి జీపువైపు కేక పెట్టింది, "ఆపరోయ్! పంతులమ్మొత్తంది!" ఇద్దరు ఆడవాళ్ళు రత్నాన్ని చెరో రెక్క పట్టుకుని రోడ్డెక్కించారు. జీపు ముందు సీట్లో అప్పటికే నలుగురున్నారు. అయిదో మనిషికి చోటు ఎలా వచ్చిందో నాకు తెలియదు. తలుపు మూసుకోలేదు, ఫైలు మాత్రం బయటకి కనబడుతోంది. జీపు మలుపు తిరిగిపోయింది.

నాకు అప్పుడు భయం వేసింది. అప్పటిదాకా సిగ్గే. మూడేళ్ళ చదువు, ఆ స్టవ్ ముందు గడిపిన రాత్రులు, అన్నీ ఆ మూసుకోని తలుపులో వేలాడుతూ పోయాయి. దానికి కారణం నేను. బానెట్ మీద తల ఆనించుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది. ఈసారి చేతిలో ఉల్లిపాయలు కూడా లేవు.

సుక్రమ్మ గట్టు దిగి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది, సంతలో ఎద్దుని బేరమాడేవాళ్ళు తిరిగినట్టు.

"బాబూ, ముందు సెక్రాలు తిరగట్లేదేటి?"

"తిరుగుతాయి. ఫోర్‌వీలు అది."

"నాను సూత్తన్నాను గదా. ఎనకవే తిరగతన్నాయి. ముందువి కూకుని తమాసా సూత్తన్నాయి. మరి సెవులు మెలెట్టినావా?"

"ఎవరి చెవులు?"

"బండి సెవులు!"

ఆవిడ వంగి ముందు చక్రం నడిమధ్యన చెయ్యి పెట్టింది. అక్కడొక గుండ్రటి బిళ్ళ ఉంది. రెండేళ్ళుగా నేను దాన్ని అలంకారమనుకుని, కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తున్నాను. సుక్రమ్మ దాన్ని పట్టుకుని, పంతులు పిల్లాడి చెవి మెలేసినట్టు, కుడివైపుకి ఒక్క తిప్పు తిప్పింది. టక్‌మంది. అవతలి చక్రానికీ వెళ్ళి అలాగే తిప్పింది.

"మా ఇంటాయన సర్వే జీపు తోలీవోడు బాబూ. బురదొచ్చిందంటే దిగి ఈ రొండు సెవులూ మెలెట్టీవోడు. అప్పుడుగాని ముందు సెక్రాలకి నాగాలని బుద్ధి పుట్టదు. లోపల నువ్వెన్ని కర్రలు నాగినా ఏటి లాబం? ఇప్పుడెక్కు."

ఎక్కాను. కడాక్. మెల్లగా తొక్కాను. ముందు చక్రాలు గట్టుని పట్టుకున్నాయి. బండి ఒక్క ఊపులో, పెళ్ళివారింటి గుమ్మం ఎక్కినట్టు, గెడ్డలోంచి బయటికి వచ్చేసింది.

అంటే, ప్రియమైన పాఠకులారా, రెండేళ్ళుగా నేను నడిపింది అన్ని బళ్ళలాంటి బండే. సంతలో నా ఉపన్యాసాలు విన్నవాళ్ళంతా ఇప్పుడు నన్ను క్షమించాలి. ముఖ్యంగా మా ఆఫీసరుగారు, ఆయనకి నేను బొమ్మ గీసి మరీ వివరించాను.

గేటు బాకీ తీర్చకుండా నన్ను పోనివ్వలేదు. దుంగ ముందు నిలబెట్టి, ఒకవైపు సుక్రమ్మ, ఇంకోవైపు ఆవిడ కోడలు నా నడుం పట్టుకుని మూడు చుట్లు ఆడించారు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు, ఆడేశాను. పాడేరు చేరేసరికి పన్నెండున్నర. ఆఫీసు ముందు జనం పల్చబడ్డారు. వరండా మెట్లమీద రత్నం కూచుని ఉంది. చీర అంచు మోకాళ్ళదాకా బురద ఎండి అట్ట కట్టింది. ఒళ్ళో ఆకు పెట్టుకుని ఇడ్లీ తింటోంది.

"రత్నం..." అన్నాను.

"మూడో పేరు నాదేనండీ. మెట్లెక్కుతుంటే పిలిచారు," అని పక్కనున్న కాగితం చూపించింది. "ఆ గేటు ఊరి బడి కోరుకున్నాను. జీపులో నా పక్కన ఆ ఊరావిడ కూచుంది. ఏడాదిగా బడికి తాళం వేసి ఉందట. అరకులో ఖాళీ ఉంది గాని, మనసు ఒప్పలేదు. సగం దారి ఆవిడ ఒళ్ళోనే కూచుని వచ్చాను మరి."

నేను ఆవిడ పక్కనే మెట్టుమీద కూలబడి, జరిగిందంతా, చెవులు మెలేయడంతో సహా, చెప్పేశాను. ఆవిడ ఇడ్లీ ముక్క నోటిదగ్గర ఆపి, నవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో చెప్పిన ఇరవై ఏళ్ళ నవ్వు అక్కడే మొదలైంది.

సాయంకాలం తిరిగొస్తుంటే ఆ గేటు దగ్గర ఇంకా పెద్ద గోలగా ఉంది. వేటకి పోయిన మగవాళ్ళు వచ్చేస్తున్నారు. ఏదైనా కొట్టి తెచ్చినవాడికి ఆ రోజు రాజమర్యాద. ఖాళీ చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. అడవిలో జంతువులు తగ్గాక ఎక్కువమందికి దక్కేది ఆ స్నానమే. ఆ ఊరి మగవాళ్ళు పదిమంది అప్పటికే ఆకుపచ్చగా తయారై, పళ్ళు మాత్రం తెల్లగా కనబడేలా నవ్వుతున్నారు.

సుక్రమ్మ మా బండికి అడ్డం నిలబడి మా వేట సంగతి అడిగింది. "ఏట ఏటి తెచ్చారు?"

రత్నం దిగి, కాగితం తెరిచి రెండు చేతులతో పైకెత్తింది. "మీ బడి!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. జీపులో పక్కన కూచున్నావిడ అర్థం చెప్పింది. ఇక ఆ కేకలు చూడాలి! రత్నాన్ని ఎత్తుకున్నంత పని చేశారు. తలలో పూలు పెట్టారు. అందరికన్నా ముందు ఆవిడ చేతిలో మాంసం పొట్లం పెట్టారు. నేను కూడా ఆనందం పట్టలేక దిగి, చప్పట్లు కొడుతూ ముందుకి వెళ్ళాను. దిగకుండా ఉండవలసింది.

సుక్రమ్మ నావైపు తిరిగింది. "ఆయమ్మ ఏట తెచ్చింది. మరి నువ్వేటి తెచ్చావు బాబూ?"

చేతులు చూసుకున్నాను. కారు తాళం తప్ప ఏమీ లేదు.

"రూలు రూలేనండీ," అంది నా ధర్మపత్ని. ఆవిడే వంగి, పేడనీళ్ళ కుండలోంచి రెండు చేతులనిండా తీసుకుని, మొట్టమొదటి దోసిలి నా నెత్తిన పోసింది. మిగతా నలభైమందీ పూర్తి చేశారు.

ఆ పేడనీళ్ళు కనురెప్పలమీంచి కారుతుండగా, తూర్పుదిక్కుకి తిరిగి, చేతులు జోడించి నేను చేసిన భీషణ ప్రతిజ్ఞ ఇది: "ఈ కొండలు సాక్షిగా, ఈ కుండ సాక్షిగా, ఆడవాళ్ళు అడ్డం పెట్టిన కర్రని చుట్టుతిరిగి దాటను. నాకు తెలియని యంత్రం గురించి సంతలో నోరెత్తను. రోడ్డుమీదే పదండి అని మా ఆవిడ అన్నప్పుడు నేను నడిపే బండి రోడ్డు దిగదు."

ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ప్రతిజ్ఞ ఒక్కసారి కూడా తప్పలేదు. నా నిగ్రహాన్ని మీరు మెచ్చుకోబోతున్నారు కనక నిజం చెప్పెయ్యడం మర్యాద. ప్రతిజ్ఞ ముగించి కళ్ళు తెరిచేసరికి నా చేతిలో తాళం లేదు, రత్నం కొంగున ఉంది. ఆ పూట ఇల్లు చేరేదాకా అరువిచ్చింది, అంతే. బడి తెరిచే లోపలే రత్నం డ్రైవింగు నేర్చేసుకుంది. ఆ తరవాత నేను నడిపే బండి అంటూ ఒకటి ఉంటే కదా, రోడ్డు దిగడానికి!